ఎత్తు పెరిగితే మాట పెరుగుతుంది



సంచికకు ఏమైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. కథలు, కవితలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు. మా నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, చేతిలో వాకీటాకీ. ఒకరిది గిడ్డంగి కాపలా, ఒకరిది ఓడరేవు పని, ఒకరు పోలీసు శాఖలో, ఒకరు కరెంటు లైన్ల మీద. డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా మా నడుముకి వేలాడేది అదే. కనుక దాని గురించే రాస్తున్నాం.

గిడ్డంగిలో పనిచేసే మా మిత్రుణ్ణి ఒక రాత్రి కంట్రోల్ రూం వాళ్ళు నాలుగుసార్లు పిలిచారట. ఇతను పలకలేదు. "నిద్రపోయావు" అని ఒక పూట జీతం కోసేశారు. అతను నిద్రపోలేదు. రేకుల షెడ్డు వెనక, పేర్చిన కంటైనర్ల మధ్య నిలబడి ఉన్నాడు. అక్కడికి మాట చేరలేదు, అంతే. కాని మాట ఎందుకు చేరదో అతనికీ తెలియదు, జీతం కోసినవాళ్ళకీ తెలియదు. తెలియనప్పుడు తప్పు ఎప్పుడూ కింద ఉన్నవాడిదే అవుతుంది. ఆ తర్వాత మేము పట్టుబట్టి తెలిసినవాళ్ళను అడిగాం, చదివాం, చేసి చూశాం. తెలుసుకున్నదే ఇక్కడ పెడుతున్నాం.

దండోరా చెప్పే పాఠం

మన తాతల్లో చాలామంది ఊళ్ళో దండోరా వేసినవాళ్ళే. డప్పు ఒక్కచోటే కొడితే ఊరంతటికీ వినబడదు. ఎంత గట్టిగా కొట్టినా ఇంకో నాలుగిళ్ళకు వినబడుతుందేమో! అందుకని తాత ఏం చేసేవాడు? వీధులు కలిసే కూడలి చూసుకుని నిలబడేవాడు. అరుగో, దిబ్బో ఉంటే దాని మీదికి ఎక్కేవాడు. అక్కడ చెప్పి, మళ్ళీ ఇంకో వీధి మొదట్లో అదే మాట చెప్పేవాడు. అంటే మాట దూరం పోవడానికి మూడు దారులున్నాయన్నమాట. మంచి చోటు, ఎత్తు, మధ్యలో మళ్ళీ చెప్పడం. వాకీటాకీ శాస్త్రమంతా ఈ మూడింట్లోనే ఉంది. గొంతు చించుకోవడం నాలుగో దారి. దానికి ఖర్చెక్కువ, ఫలితం తక్కువ.

తరంగం ఎలా ప్రయాణిస్తుంది?

బటన్ నొక్కి మాట్లాడితే మన గొంతును సెట్టు రేడియో తరంగం మీద ఎక్కించి యాంటెన్నా ద్వారా వదులుతుంది. వాకీటాకీలు ఎక్కువగా రెండు రకాలు. వి.హెచ్.ఎఫ్. సెట్లు సుమారు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య, యు.హెచ్.ఎఫ్. సెట్లు సుమారు 400 నుంచి 470 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. తరంగ దైర్ఘ్యం కనుక్కోవడం తొమ్మిదో తరగతి లెక్క. 300ని మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే జవాబు మీటర్లలో వస్తుంది. 150 మెగాహెర్ట్జ్ అయితే 2 మీటర్లు. 450 అయితే సుమారు 67 సెంటీమీటర్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ తరంగాలు ఇంచుమించు వెలుతురులాగా సూటిగా పోతాయి. మీడియం వేవ్ తరంగం నేలనంటుకుని చాలా దూరం పాకగలదు. షార్ట్ వేవ్ తరంగం పైనున్న ఐనో ఆవరణం దాకా వెళ్ళి వంగి కిందికి దిగుతుంది. అందుకే 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ అనే హామ్ రేడియో ఆపరేటర్ షార్ట్ వేవ్ మీద అండమాన్ నుంచి దేశానికి కబుర్లు అందించగలిగారు. మన చేతి వాకీటాకీకి ఆ రెండు విద్యలూ రావు. అది చూపు ఆనినంత మేరే మాట్లాడుతుంది.

చూపు ఎంత దూరం ఆనుతుంది? భూమి గుండ్రం కనుక కొంత దూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది. గాలి పొరలు రేడియో తరంగాన్ని కాస్త కిందికి వంచుతాయి కాబట్టి మన కంటికి కనిపించేదానికంటే కొంచెం ఎక్కువ దూరమే పోతుంది. లెక్క ఇది: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

నేల మీద నిలబడిన మనిషి చేతిలో సెట్టు 1.5 మీటర్ల ఎత్తు: సుమారు 5 కి.మీ.
రెండంతస్తుల మేడ పైకప్పు, 9 మీటర్లు: సుమారు 12 కి.మీ.
నీళ్ళ ట్యాంకు, 25 మీటర్లు: సుమారు 20 కి.మీ.
కొండంత ఎత్తు, 300 మీటర్లు: సుమారు 71 కి.మీ.

ఇది ఒక వైపు లెక్క. అవతలి మనిషి ఎత్తుకు వచ్చే దూరాన్ని దీనికి కలపాలి. చదును నేల మీద ఇద్దరు నిలబడితే 5, 5 కలిపి 10 కి.మీ. ఒకరు మేడ ఎక్కితే 12, 5 కలిపి 17 కి.మీ. బ్యాటరీ మార్చలేదు, సెట్టు మార్చలేదు, మెట్లెక్కాం, అంతే!

మరి పెట్టె మీద "30 కిలోమీటర్లు" అని రాసి ఉంటుందే? అది అబద్ధమని అనలేం. ఒకడు కొండ మీద, ఇంకొకడు మధ్యలో చెట్టూ గోడా లేని మైదానంలో ఉంటే రావచ్చు. కొని తెచ్చుకున్నవాడు ఉండేది డాబాగార్డెన్స్ సందులో. అక్కడ కిలోమీటరు వస్తే సంతోషించాలి.

విశాఖ అనే చిక్కుముడి

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. నగరానికి ఉత్తరాన సింహాచలం కొండల వరస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో ఊరు. సింహాచలం కొండకు ఇటు పెందుర్తి, అటు మధురవాడ. మ్యాపు మీద చూస్తే రెండూ దగ్గరే. కాని రెండు చేతి సెట్లు నేరుగా మాట్లాడుకోవాలంటే మధ్యలో కొండ అడ్డం. కొండ దాటి తరంగం కాస్త కిందికి వంగుతుంది గాని, కొండ నీడలో ఉన్నవాడికి అందేది తక్కువ. మన సబ్బవరం నుంచి నగరానికి పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం, ఎన్.ఎ.డి. కూడలి మీదుగా వెళతాం. బస్సుకు రోడ్డు వంపు తిరుగుతుంది. తరంగానికి రోడ్డు లేదు. కొండ వస్తే ఆగుతుంది.

కొండల తర్వాత అడ్డంకి కాంక్రీటు. ఒక్కో గోడ కొంత శక్తిని తినేస్తుంది. స్లాబులో ఇనుప చువ్వల అల్లిక ఉంటుంది కనుక అది ఇంకా తింటుంది. ఇక ఉక్కు ఫ్యాక్టరీలు, రేకుల షెడ్లు, ఓడరేవులో వరసగా పేర్చిన కంటైనర్లు అయితే తరంగాన్ని దాదాపు పూర్తిగా తిప్పికొడతాయి. కంటైనర్ల మధ్య నిలబడిన మా మిత్రుడి గతి అదే. మా ఓడరేవు మిత్రుడు చెప్పేదేమిటంటే, అదే సెట్టు రేవు చివర సముద్రం వైపు తిరిగితే హాయిగా పలుకుతుందట. నీటి మీద గోడలు లేవు కదా! చేపల బోట్లవాళ్ళు, ఓడలవాళ్ళు సముద్రంలో 156.8 మెగాహెర్ట్జ్ మీద, అంటే 16వ ఛానెల్ మీద, పిలుపులు వింటుంటారు. వాళ్ళ చేతి సెట్లలోనూ ఉండేది మహా అయితే అయిదారు వాట్లే.

అడ్డంకులతోపాటు ఇంకో తమాషా ఉంది. నగరంలో తరంగం గోడలకు తగిలి పది దారుల్లో వస్తుంది. కొన్నిచోట్ల ఆ పది కలిసి బలపడతాయి. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చంపుకున్న చోట సెట్టు మూగదవుతుంది. అలాంటి చోటును మేము "గుడ్డి మచ్చ" అని పిలుచుకుంటాం. మంచి సంగతి ఏమిటంటే ఈ మచ్చ చాలా చిన్నది. తరంగ దైర్ఘ్యంలో పావు వంతో, సగమో జరిగితే చాలు. వి.హెచ్.ఎఫ్. సెట్టుకు అర మీటరు నుంచి మీటరు, అంటే ఒకటి రెండు అడుగులు. యు.హెచ్.ఎఫ్.కు జానెడు, జానెడున్నర. "వినబడటం లేదు" అని సెట్టును చేత్తో కొట్టేముందు రెండడుగులు పక్కకు వేసి చూడండి.

నమ్మకం లేకపోతే హాస్టల్లోనే పరీక్ష చేయవచ్చు. దీనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. చిన్న ఎఫ్.ఎం. రేడియో తీసుకుని గదిలో నెమ్మదిగా నడవండి. ఇనుప బీరువా వెనక్కి వెళ్ళండి, కిటికీ దగ్గరికి రండి, మేడ ఎక్కండి. ఎక్కడ గరగరలాడుతుందో, ఎక్కడ తేటపడుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మీ కళ్ళముందే తరంగం పటం గీసి చూపిస్తుంది.

వాట్లు పెంచితే పోలేదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. చేతి సెట్లు ఎక్కువగా 5 వాట్ల లోపువే. శక్తి పెంచితే దూరం పెరుగుతుంది గాని, ఎంత? ఖాళీ ఆకాశంలో దూరం రెండింతలు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి. నగరంలో నేలకు దగ్గరగా ఉన్న ఇద్దరి మధ్య అయితే దాదాపు పదహారింతలు! 5 వాట్ల సెట్టుతో కిలోమీటరు వస్తుంటే, రెండు కిలోమీటర్లకు 80 వాట్లు కావాలన్నమాట. అంత శక్తిని చేత్తో పట్టుకుని తల పక్కన పెట్టుకోవడం ఒంటికి మంచిది కాదు, బ్యాటరీ నిలవదు, చట్టమూ ఒప్పుకోదు. పైగా వాకీటాకీ రెండు వైపులా మాట్లాడుకునేది. మనం కేకేస్తే అవతలివాడికి వినబడవచ్చు. అతని 5 వాట్ల జవాబు మనకు వినబడాలి కదా? ఎత్తు అలా కాదు. ఎత్తెక్కినవాడు దూరం చెప్పగలడు, దూరం వినగలడు. ఒకే ఖర్చుతో రెండు పనులు.

పైసా ఖర్చు లేని ఉపాయాలు

డ్యూటీలో మాకు పనికొచ్చినవి వరసగా రాస్తున్నాం.

ఒకటి: సెట్టును నడుము బెల్టుకే ఉంచి భుజం మైకుతో మాట్లాడితే మన ఒళ్ళే తరంగాన్ని తాగేస్తుంది. మాట అందనప్పుడు సెట్టును చేతిలోకి తీసుకుని ముఖం ముందు పట్టుకోవాలి.

రెండు: యాంటెన్నా నిటారుగా ఉండాలి. ఇద్దరి యాంటెన్నాలూ ఒకే తీరుగా నిలబడితేనే ఒకరి తరంగం ఇంకొకరికి బాగా అందుతుంది. ఒకరు నిలువుగా, ఒకరు పడుకోబెట్టి పట్టుకుంటే చాలా శక్తి వృథా.

మూడు: గది మధ్య నుంచి కిటికీ దగ్గరికి, కిటికీ నుంచి గుమ్మం బయటికి, అక్కడి నుంచి మెట్ల మీదికి. కిటికీ కూడా అవతలివాడున్న దిక్కుదై ఉండాలి.

నాలుగు: సెట్టులో స్క్వెల్చ్ అనే కాపలావాడు ఉంటాడు. గరగర మన చెవిన పడకుండా బలహీనమైన శబ్దాలన్నిటినీ గుమ్మంలోనే ఆపేస్తాడు. ఆ ఆపినవాటిలో మనవాడి పిలుపు కూడా ఉండవచ్చు. దూరం నుంచి పిలుపు వస్తుందని అనుకున్నప్పుడు స్క్వెల్చ్ తగ్గించాలి, లేదా మానిటర్ బటన్ నొక్కి పట్టి వినాలి. గరగరలో నుంచి మనిషి గొంతును ఏరుకోవడం చెవికి బాగా తెలుసు.

అయిదు: బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మొదలుపెట్టాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. అరవకూడదు. అరిస్తే శబ్దం చీలిపోయి ఇంకా అర్థం కాదు. మామూలు గొంతుతో, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్పాలి.

ఆరు: అంకెల సంగతి. మన తెలుగులో ఇరవై, అరవై గరగరలో ఒక్కలాగే వినబడతాయి. ఎనభై, ఏభై కూడా అంతే. అందుకని "గేటు అరవై రెండు" అనకుండా "గేటు ఆరు, రెండు" అని అంకెలు విడివిడిగా చెప్పాలి. అవతలివాడు తిరిగి అప్పజెప్పాలి. ఒక గరగర మాటను రెండోసారి అడగనవసరం లేకుండా చేస్తే దూరం పెరిగినట్టే.

ఏడు: బ్యాటరీ. వినడానికి తక్కువ శక్తి చాలు, చెప్పడానికి ఎక్కువ కావాలి. బ్యాటరీ నీరసపడితే మనకు అందరూ వినబడతారు, మనం ఎవరికీ వినబడం. అందరూ వినబడుతున్నారు కదా అని సెట్టు బాగుందనుకోకండి.

యాంటెన్నా సంగతి

సెట్టు మీద ఉండే పొట్టి రబ్బరు యాంటెన్నా లోపల చుట్టిన తీగ ఉంటుంది. మొదట్లో చెప్పిన లెక్క గుర్తుందా? యాంటెన్నా పొడవు తరంగ దైర్ఘ్యంలో పావు వంతు ఉంటే బాగా పనిచేస్తుంది. 150 మెగాహెర్ట్జ్‌కు పావు వంతు 50 సెంటీమీటర్లు. అంత పొడుగు చేతి సెట్టుకు అడ్డం కనుక కంపెనీవాళ్ళు తీగను స్ప్రింగులా చుట్టి జానెడుకు కుదించారు. సౌకర్యం పెరిగింది, పనితనం తగ్గింది. 450 మెగాహెర్ట్జ్‌కు పావు వంతు సుమారు 17 సెంటీమీటర్లే కాబట్టి యు.హెచ్.ఎఫ్. సెట్టుకు ఈ నష్టం తక్కువ. పొట్టిది తీసి అసలు పొడవున్నది పెడితే, ముఖ్యంగా వి.హెచ్.ఎఫ్.లో, తేడా చెవికే తెలుస్తుంది.

ఇంకా దూరం కావాలంటే యాంటెన్నాను చేతి నుంచి విడదీసి మేడ మీద నిలబెట్టాలి. పాత రోజుల్లో దూరదర్శన్ యాంటెన్నా నుంచి టీవీకి రెండు తీగల చదునైన రిబ్బను వైరు వచ్చేది, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. హామ్ రేడియోవాళ్ళు ఆ వైరునే కొలత ప్రకారం కత్తిరించి, చుట్టి జేబులో పెట్టుకునే యాంటెన్నా చేసుకుంటారు. కావలసినప్పుడు వెదురు గడకు కట్టి నిలబెడతారు. ఇక మన ఇళ్ళ మీద చేప ముల్లులా ఉండే టీవీ యాంటెన్నా కూడా ఈ కుటుంబందే. దాని పేరు యాగీ-ఉడా. 1926లో జపాన్ శాస్త్రవేత్తలు రూపొందించారు. అది శక్తినంతా ఒక దిక్కుకే పంపుతుంది. ఎవరితో మాట్లాడాలో దిక్కు తెలిస్తే చాలా మంచిది. తెలియకపోతే పనికిరాదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మేడ మీది యాంటెన్నా నుంచి కిందికి దించే కేబులు సన్నదైతే దారిలోనే శక్తి ఆవిరైపోతుంది. మార్కెట్లో దొరికే సన్న రకం కేబులు 30 మీటర్లు వేస్తే 150 మెగాహెర్ట్జ్ దగ్గర పైకి చేరేది నాలుగో వంతే. యు.హెచ్.ఎఫ్.లో పదో వంతు కూడా కష్టమే. కనుక కేబులు పొట్టిగానైనా ఉండాలి, మందంగానైనా ఉండాలి. రెండో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. కరెంటు తీగల దగ్గర గడ ఎత్తకూడదు. ఉరుములు వినబడితే మేడ దిగాలి. కరెంటు లైన్ల మీద పనిచేసే మా మిత్రుడు ఈ వాక్యం తప్పకుండా రాయమన్నాడు.

మాట చేతులు మారడం: రిపీటర్

పోలీసులు ఊరంతా చేతి సెట్లతో ఎలా మాట్లాడుకుంటారు? కిటుకు వాళ్ళ సెట్లలో లేదు, ఎత్తున ఉన్న రిపీటర్‌లో ఉంది. రిపీటర్ అంటే దండోరా వేసే తాతే. ఒక పౌనఃపున్యం మీద విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో పౌనఃపున్యం మీద గట్టిగా తిరిగి చెబుతుంది. వినేదీ చెప్పేదీ ఒకటే అయితే తన గొంతు తన చెవినే పడి చెవుడు వస్తుంది కనుక రెండు కావాలి. దాన్ని కొండ మీద పెడితే కొండకు అటువాడూ ఇటువాడూ ఇద్దరికీ కనిపిస్తుంది. అడ్డంగా ఉన్న కొండే వారధి అవుతుంది.

ఈ ఎత్తుకు హద్దు లేదు. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మోసుకెళ్ళిన రెండు ఉపగ్రహాల్లో ఒకటి హామ్‌శాట్. బరువు 42.5 కిలోలు. హామ్ రేడియోవాళ్ళ మాటలను అందుకుని తిరిగి కిందికి పంపడమే దాని పని. 2014 జులై దాకా, అంటే తొమ్మిదేళ్ళు, ఆ పని చేసింది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2020లో ఒక హామ్ రిపీటర్ పెట్టారు. ఆ ఎత్తు నుంచి చూపు రెండు వేల కిలోమీటర్లు దాటి ఆనుతుంది. దాని ద్వారా చేతి సెట్లతో మాట్లాడినవాళ్ళు ఉన్నారు. గోడ దాటలేని అయిదు వాట్లు ఆకాశాన్ని దాటాయంటే, మనకు అడ్డమైంది దూరం కాదు, గోడలేనని తెలుస్తుంది.

రిపీటర్ కొనే స్థోమత లేనప్పుడు మనిషే రిపీటర్. మేడ మీద ఒకణ్ణి నిలబెడితే, కింద ఇద్దరి మాటలూ అతను విని అటుదిటు ఇటుదటు చెబుతాడు. మా నలుగురిలో ముగ్గురం ఈ పని చేశాం.

ఇప్పుడు సిమ్ కార్డు వేసే వాకీటాకీలు కూడా దొరుకుతున్నాయి. విశాఖ నుంచి ఢిల్లీకైనా మాట్లాడవచ్చు. సౌకర్యమే. కాని అవి పేరుకే వాకీటాకీలు, నిజానికి సెల్‌ఫోన్లు. టవరు పడుకుంటే అవీ పడుకుంటాయి.

టవర్లు పడుకున్న రోజు

టవర్లు పడుకోవడం మనం చూశాం. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగం. చెట్లు, కరెంటు స్తంభాలు, హోర్డింగులు నేలకొరిగాయి. కరెంటు పోయింది, దానితో సెల్ టవర్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. ఊళ్ళో అమ్మానాన్నలకు హాస్టల్లో పిల్లలెలా ఉన్నారో తెలియదు. పిల్లలకు ఇంటి కప్పు ఉందో లేదో తెలియదు. కబురు తెలుసుకోవడానికి పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చిన తండ్రులున్నారు. ఆ రోజుల్లో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున హామ్ ఆపరేటర్లు విశాఖ వచ్చి సమాచారం అందించడంలో సాయపడ్డారు.

తుఫాను మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది చనిపోయారు. ఇక ముందూ తుఫానులు వస్తాయి. ఆ రోజు సబ్బవరం నుంచి పది కిలోమీటర్ల అవతలికి "పిల్లలందరూ క్షేమం, మంచినీళ్ళు కావాలి" అనే రెండు మాటలు చేరవేయగలిగితే అది చిన్న సంగతా? 2022 ఏప్రిల్ నుంచి మన మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కనుక కబురు ఇప్పుడు విశాఖ వైపే కాదు, అనకాపల్లి వైపు కూడా వెళ్ళాలి. కొండ మీది రిపీటర్ మీదే ఆధారపడినా లాభం లేదు, తుఫానుకు అదీ కూలవచ్చు. మేడ నుంచి మేడకు, మనిషి నుంచి మనిషికి మాట అందించడం ముందే అలవాటై ఉండాలి.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ తమ్ముళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఆకాశం అందరిదీ అయినా, అందులో ఎవరు ఎక్కడ మాట్లాడాలో ప్రభుత్వం పంచింది. లైసెన్సు లేకుండా ఎక్కువ శక్తి సెట్లు కొని మాట్లాడితే నేరం. మనం సరదాగా నొక్కిన బటన్ ఏ అంబులెన్సు మాటకో, పోలీసు మాటకో అడ్డం పడవచ్చు. ఆన్‌లైన్‌లో అనుమతి లేని వాకీటాకీల అమ్మకాలు పెరిగిపోవడంతో 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమ్మకందారులకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. తక్కువ ధరకు వస్తోందని కొని చిక్కుల్లో పడకండి.

లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 నిబంధనల్లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఒక చిన్న గట్టు వదిలారు. దానికోసం ఆమోదం పొందిన తక్కువ శక్తి సెట్లే వాడాలి. వాటి యాంటెన్నా పీకి వేరేది పెట్టకూడదు, శక్తి పెంచకూడదు. అయితే మేడ ఎక్కవద్దని, పక్కకు జరగవద్దని ఏ చట్టమూ చెప్పదు. అందుకే పైసా ఖర్చు లేని ఉపాయాలను అంత వివరంగా రాశాం.

యాంటెన్నాలు మార్చి, రిపీటర్లు కట్టి, ప్రయోగాలు చేయాలనుకునేవారికి రాజమార్గం హామ్ రేడియో. కేంద్ర టెలికం శాఖ పరీక్ష పెడుతుంది. 12 ఏళ్ళు నిండితే చాలు. సైన్సు పుస్తకంలోని విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాలు, కొంచెం రేడియో సిద్ధాంతం, నిబంధనలు, ఇదీ సిలబస్. మొదటి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడు కూడా అవసరం లేదు. పరీక్ష గట్టెక్కి లైసెన్సు తీసుకుంటే వీయూ3తో మొదలయ్యే పిలుపు పేరు ఇస్తారు. ప్రపంచంలో ఆ పేరు ఇంకెవరికీ ఉండదు. ఇంటిపేరు, ఊరిపేరు, కులం పేరు ఎవరూ అడగరు. ఆ పిలుపు పేరు ఒక్కటే చాలు. ఒక్క షరతు, హామ్ రేడియోను వ్యాపారానికి వాడకూడదు.

చివరి మాట

గిడ్డంగి మిత్రుడి కథ ముగించకుండా వదలలేం. అతను నాలుగు రాత్రులు గిడ్డంగి చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ మాట అందదో కాగితం మీద పటం గీశాడు. పదకొండు గుడ్డి మచ్చలు తేలాయి. ఆ కాగితం పట్టుకెళ్ళి పైవాళ్ళకు చూపించాడు. కంట్రోల్ రూం సెట్టు అప్పటిదాకా కింది గదిలో ఇనుప బీరువా పక్కన ఉండేది. దాన్ని మేడ మీది గదిలోకి, కిటికీ పక్కకు మార్చారు. పదకొండులో ఎనిమిది మచ్చలు పోయాయి. మిగిలిన మూడుచోట్ల గంటకొకసారి కాపలావాడే బయటికి వచ్చి పలకాలని రూలు పెట్టారు. కోసిన పూట జీతం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అయితే ఆ తర్వాత "పలకలేదు" అనే మాట మీద ఎవరి జీతమూ కోయలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సైన్సు మార్కుల కోసమే కాదు, అన్యాయంగా మాట పడకుండా నిలబడటానికి కూడా పనికొస్తుందని మాకు ఆ కాగితం నేర్పింది. వచ్చే వార్షికోత్సవానికి మీలో ఇద్దరైనా హామ్ పరీక్షకు దరఖాస్తు పెట్టండి. పుస్తకాలు, ఫీజు మేము చూసుకుంటాం. ఆదివారాలు వచ్చి పాఠం చెప్పడానికి కూడా సిద్ధం. మొదటి పాఠం ఎక్కడో ముందే చెప్పేస్తున్నాం, హాస్టల్ మేడ మీద.